శనివారం సంచి

మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. నాలుగింటికి మహిమను అరెస్టు చేస్తున్నామని సీఐ దశరథం పొద్దున్నే ప్రకటించేశాడు. దశరథం మాట తప్పే మనిషి కాదు, అందులోనూ విలేకరులను పిలిచిన రోజున అసలే తప్పడు. అంటే ప్రిస్కిల్లా చేతిలో మిగిలింది నూటపది నిమిషాలు.

దానికి తోడు, పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అనే అనుమానం ఒకటి ఇంటి గడప దాటిన దగ్గర్నుంచీ ఆమెను పీడిస్తోంది. పోలీసు క్లూస్ టీంలో ఇరవై రెండేళ్లు వేలిముద్రలు పట్టిన మనిషి. ఆరేళ్ల కింద ఆ ఉద్యోగానికి దండం పెట్టి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. ఊళ్లో ఎవడు ఏ తలుపు గొళ్లెం పట్టుకున్నాడో చెప్పగలదు గానీ, తన మాత్ర తన గొంతులోంచి దిగిందో లేదో చెప్పలేదు.

కరీంనగర్ శివార్లలోని ఆ ప్రైవేటు పరిశోధనశాల వరండాలో, ఆడ కానిస్టేబుల్ పక్కన బెంచీ మీద మహిమ కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ల ల్యాబ్ టెక్నీషియన్. సండే స్కూల్లో ప్రిస్కిల్లా దగ్గరే వాక్యాలు బట్టీపట్టిన పిల్ల. ప్రిస్కిల్లాను చూడగానే లేచి నిలబడింది, కానిస్టేబుల్ మళ్లీ కూర్చోబెట్టింది.

"ఏడ్వకు. ఏడిస్తే టైం పోతది. సోమారం పొద్దుగాల నువ్వు ఎన్నింటికి వచ్చినవ్?"

"ఎనిమిదీ ఇరవైకి, ఆంటీ. నేనచ్చెటాళ్లకే కొమురెల్లి మామ ఎలుకల రూముల కింద పడున్నడు. ముక్కులకెళ్లి నెత్తురు కారుతున్నది."

కొమురెల్లి ఆ ల్యాబులో ఎలుకలకు మేత వేసి, బోన్లు కడిగే మనిషి. యాభై ఐదేళ్లు. ఏ రోజూ బీపీ లేనివాడికి ఆసుపత్రిలో చూస్తే రెండు వందల అరవై. మెదడు వాచిపోయి, ఐదు రోజులుగా స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఎడమ చేతి నరం మీద సూది గుచ్చిన మచ్చ ఉంది. బోన్ల అర కింద సిరంజి దొరికింది, అందులో అడ్రినలిన్ మందు దొరికింది, దాని మీద మహిమ వేలిముద్రలు దొరికాయి. ఇన్ని దొరికాక దశరథానికి ఇంక ఆలోచించే అవసరం ఏముంది?

"మామకు నువ్వు సూదులు ఇచ్చుడు నిజమేనా?"

"నిజమే. ఒళ్లు నొప్పులంటే గోలీలు మింగడు. సూది గుచ్చితేనే బలమొస్తదంటడు. నెలకోపారి బీ కాంప్లెక్సు ఇస్తుంటి. పోయిన శుక్రారం గూడ ఇచ్చిన. గనీ సోమారం ఇయ్యలే ఆంటీ. దేవుని తోడు. నేను ఇయ్యలే అని చెప్పెటోడు మామ ఒక్కడే. ఆయన కండ్లు తెరుస్తలేడు."

"ఆయనకెవరన్నా పగోళ్లున్నరా? ఏదన్న చెప్పిండా నీకు?"

"ఐతారం నాడు ఫోన్ చేసిండు. కొన్ని ఎలుకలకు నీలం రంగు అంటుకోదా బిడ్డా అని అడిగిండు. అట్లెట్లుంటది, రంగెక్కిస్తే రెండు నిమిషాలల్ల చెవులు, కాళ్లు, కండ్లు అన్నీ నీలమైతయ్ అన్న. మరి తెల్లగున్నయే అన్నడు. నాకెర్కలేదు మామా, సోమారం అరుణ్‌కుమార్ సారునడుగు అన్న." ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నేనే తోలిన ఆంటీ. సారు కాడికి నేనే తోలిన."

ప్రిస్కిల్లా ఆమె తల మీద చెయ్యి వేసి, గడియారం చూసుకుని, లోపలికి నడిచింది. రెండూ ఇరవై మూడు.

డాక్టర్ అరుణ్‌కుమార్ ఆ పరిశోధనశాలకు పెద్ద. నలభై ఐదేళ్లుంటాయి. ఇస్త్రీ నలగని కోటు, ఇస్త్రీ నలగని చిరునవ్వు. బల్ల మీద రేపటి కార్యక్రమం కరపత్రాలు దొంతరగా ఉన్నాయి. లక్సెట్టిపేటలో మూడు వందల మంది బీపీ మనుషులకు ఆయన కొత్త క్యాప్సూళ్లు పంచే శిబిరం అది.

"రండి మేడం. పాపం, మహిమ మంచి పిల్లే. ఏదో పొరపాటున ఒక సీసా బదులు ఇంకొకటి తీసి ఉంటుంది. నేను సీఐ గారితో అదే చెప్పాను."

"మీ మంచితనం ముందు మీ పని గురించి చెప్పండి. ఈ ఎలుకలతో ఏం చేస్తరు?"

"చెప్తే మీకు అర్థం కావడం కొంచెం..."

"నాకు బీపీ ఉంది సార్. నా జబ్బు నాకు అర్థమైతది. చెప్పండి."

ఆయన పెన్ను తీసి కాగితం మీద గీత గీశాడు. "మెదడులోని రక్తనాళాలకు ఒక కట్టుదిట్టమైన గోడ ఉంటుంది. నెత్తుట్లో పారే ప్రతిదాన్నీ అది మెదడులోకి రానివ్వదు. బీపీ ఉన్నట్టుండి ఎగబాకితే ఆ గోడ సడలుతుంది."

"కట్ట తెగుతదా?"

"తెగదు. ఊట పెడుతుంది. ఆ ఒత్తిడికి కణాల్లో కొన్ని చెడ్డ పదార్థాలు పుట్టి గోడను ఇంకా కొరుకుతాయి. వాటిని విరిచేవే యాంటీ ఆక్సిడెంట్లు. మా క్యాప్సూల్‌లో ఉన్నవి విటమిన్ ఇ, సెలీనియం. పది ఎలుకలకు వారం రోజులు క్యాప్సూల్ మందు పెట్టాం, పదింటికి పెట్టలేదు. శనివారం ఇరవైటికీ అడ్రినలిన్ ఇచ్చి బీపీ లేపి, తోక నరంలోకి నీలం రంగు ఎక్కించాం. గోడ సడలితే రంగు మెదడులోకి దిగుతుంది."

"దిగిందా?"

"మందు పెట్టని పదింటి మెదళ్లలో నీలం మచ్చలు. మందు పెట్టినవి పాలలా తెల్లగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లు నిజంగానే మెరిశాయి.

"ఒక్కటి గూడ లేదా?"

"ఒక్కటీ లేదు."

ఆ మాట దగ్గర ప్రిస్కిల్లా ఆగింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క మరకైనా లేని సాక్ష్యం ఆమెకు ఎక్కడా దొరకలేదు. దొరికిన ఒకటి రెండుసార్లూ ఎవరో తుడిచిపెట్టిందే.

"రంగు ఎవరు ఎక్కించిన్రు?"

"నేనే. మహిమకు ఆ మధ్యాహ్నం ఏదో పెళ్లి ఉందంటే సెలవిచ్చాను."

"ఇరవైటికీ ఎక్కించిన్రా?"

"ఇరవైటికీ. రిజిస్టర్లో ఉంది."

"ఒక్కో ఎలుక ఎంత బరువుంటది?"

ఆయన నవ్వాడు. "కూర వండుతారా ఏం? పావు కిలో."

"అయితే ఇరవై కలిపి ఐదు కిలోలు. ఆ కళేబరాలు ఎక్కడున్నయ్?"

"శనివారం సాయంత్రమే ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే బండిలో పోయాయి. ఈపాటికి బూడిద కూడా ఉండదు."

రెండూ యాభై. ఆయన ఫోన్ మోగింది. "ఆ... నిజంగానా? మంచి వార్త. తప్పకుండా, ఇప్పుడే బయల్దేరుతున్నా" అని పెట్టేసి లేచాడు. లేస్తూ సొరుగులోంచి ఒక డబ్బా తీసి ప్రిస్కిల్లా ముందుకు జరిపాడు.

"మీ మొహం చూస్తే బీపీ పెరిగినట్టుంది. రోజుకొకటి వేసుకోండి. మెదడు భద్రం."

"మా మెదడు గురించి ఫికర్ పడకండి సార్" అంది ప్రిస్కిల్లా, డబ్బా సంచిలో వేసుకుంటూ.

ఆయన కారు గేటు దాటిన చప్పుడు వినిపించగానే ఆమె చెత్త రిజిస్టరు లాగింది. రోగాల చెత్త పసుపుపచ్చ సంచుల్లో పోవాలి, ప్రతి సంచీ తూచాలి, రాయాలి, సంతకం పెట్టాలి. ఆ నియమం పెట్టినవాడెవడో గానీ వాడి కడుపు చల్లగుండ. శనివారం, నాలుగూ పదిహేను, పచ్చ సంచి ఒకటి, కింద కొమురెల్లి వంకర సంతకం. బరువు గడిలో ఒక కిలో రెండు వందలు.

ఐదు కిలోల ఎలుకలు కిలో రెండు వందల సంచిలో ఎట్లా పడతాయి? ప్రిస్కిల్లా ఆ అంకె మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. ఆసుపత్రి చెత్త బండి మంగళవారం, శనివారం వస్తుంది. మంగళవారం గడి ఖాళీ, ఎందుకంటే సంచి ఇచ్చే కొమురెల్లి సోమవారమే పడిపోయాడు. అయితే ఆ ఐదు కిలోలు ఎక్కడ?

అప్పుడు పొద్దున ఆసుపత్రిలో పోశవ్వ అన్న మాట చెవిలో మోగింది. పోశవ్వ కొమురెల్లి భార్య, బీడీలు చుట్టే మనిషి. మొగుడి మంచం పక్కన నేల మీద కూర్చుని, తాను చచ్చిపోతున్నట్టే వణుకుతోంది. "ఇయ్యాల శుక్రారం అక్కా. రేపు శెనారం. శని పీనుగ తోడు కోరుతదంటరు. శెనారం నాడు కోడిపిల్ల సచ్చినా ఆయన గడప దాటనియ్యడు. తెల్లారినంకనే తీస్తడు. గసొంటోడు రేపు పోతే ఎట్లనే?"

పొద్దున ఆ మాటకు ప్రిస్కిల్లా లోలోపల నవ్వుకుంది కూడా. ఇప్పుడు నవ్వు రాలేదు. కుర్చీ వెనక్కి తన్నుకుని లేచి, ఎలుకల గది వెనక ఉన్న డీప్ ఫ్రీజర్ దగ్గరికి పరుగులాంటి నడకతో పోయింది. యాభై రెండేళ్ల మోకాళ్లు వద్దన్నాయి, వినలేదు.

పైన రసాయనాల పెట్టెలు, వాటి కింద మేత పొట్లాలు, ఆ కింద మంచు గడ్డకట్టిన గోనెపట్టా. దాన్ని పెకిలిస్తుంటే గోళ్లు తిమ్మిరెక్కాయి. పట్టా కింద పచ్చ సంచి. మూతికి పురికొస ముడి, ఆ ముడిలో రెండు వేపాకులు గుచ్చి ఉన్నాయి.

"ప్రిస్కిల్లక్కా!"

గుమ్మంలో సీఐ దశరథం. ఒకప్పుడు ఆమె చేతికింద బ్రష్షు పట్టడం నేర్చుకున్నవాడే. ఆమె పట్టిన కేసుకు పతకం తను పుచ్చుకుని, అప్పట్నుంచీ ఆమె కనిపిస్తే చాలు గొంతు పెంచుతాడు. మూడూ పదిహేను. ముప్పావుగంట ముందే మీసం దువ్వుకుని వచ్చాడు.

"ఎవలనడిగి ముట్టినవ్ గది? ఇది నా కేసు. నువ్వు ఉద్యోగం ఇడిసి ఆరేండ్లాయె."

"ఉద్యోగం ఇడిసిన గనీ కండ్లు ఇడువలే తమ్మీ. సిరంజి మీద ఎవలి వేళ్లున్నయ్?"

"మహిమయి. నాలుగు వేళ్లు, పక్కాగ."

"ఏడున్నయ్?"

"గొట్టం మీద."

"వెనుక బొటనవేలితోని నొక్కే బిళ్ల మీద?"

దశరథం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేను నీ రిపోర్టు సదివిన. బిళ్ల మీద ఒక్క గీత లేదు. మహిమది లేదు, ఎవ్వలిదీ లేదు. బొటనవేలు పెట్టకుంట సూది ఇచ్చేది ఎట్లనో జర నాకు సూపియ్యి. శుక్రారం ఆ పిల్ల వాడి పారేసిన సిరంజి గది. ఎవలో ఏరుకున్నరు. తను నొక్కినకాడ తుడిసిన్రు, ఆమె పట్టుకున్నకాడ భద్రంగ ఉంచిన్రు."

"చిన్న బిళ్ల. దాని మీద ముద్ర పడకపోవచ్చు."

"నీకు నేర్పిన పంతులమ్మను నేను. నాకే పాఠం చెప్పకు."

"నాలుగింటికి ప్రెస్ మీటున్నదక్కా" అన్నాడు దశరథం. ఈసారి గొంతులో గద్దింపు కంటే బతిమాలుకోవడమే ఎక్కువ వినిపించింది.

"ఉండనీ. గీ సంచి ఇప్పినంక పో. నువ్వే ఇప్పు, నువ్వే ఫోటో తియ్యి. రేపు కోర్టుల ప్రిస్కిల్లా కలిపిందనొద్దు."

మహిమను లోపలికి పిలిచారు. దశరథం తొడుగులు వేసుకుని ముడి విప్పాడు. గడ్డకట్టిన ఎలుకలను మహిమ ఒక్కొక్కటే విడదీసి, తోక మీద నల్ల సిరాతో వేసిన నంబరు చూసి, స్టీలు బల్ల మీద వరసగా పెట్టింది. తలలు తెరిచి ఉన్నాయి. మెదళ్లు లేవు, అవి పై అంతస్తులో సీసాల్లో ఉన్నాయి.

ఒకటి నుంచి పది దాకా చెవులు నీలం. పాదాలు నీలం. ముక్కు కొనలు కూడా నీలిమందులో ముంచి తీసినట్టున్నాయి.

పదకొండోదాన్ని పెట్టి మహిమ ఆగిపోయింది. చెవులు తెల్లగా, పల్చగా ఉన్నాయి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఇరవై దాకా అన్నీ తెల్లగానే ఉన్నాయి.

"ఇవి క్యాప్సూల్ పెట్టినయి" అంది మహిమ. "రంగు మెదడులకు దిగకుంటె మెదడు తెల్లగుంటది ఆంటీ. అది నిజమే. గనీ చెవులు తెల్లగుండొద్దు. చెవులకు ఆ గోడ ఉండదు."

"అంటే?" అన్నాడు దశరథం.

"అంటే గీ పదింటికి రంగు ఎక్కియ్యనే లేదు తమ్మీ" అంది ప్రిస్కిల్లా. "గోడ నిలబడ్డదా కూలిందా అని సూడాలంటే నీళ్లు వదలాలె. ఆయన నీళ్లే వదలలే. వదలకుంట, మా గోడ తడవలే సూడున్రి అని రేపు మూడు వందల మందికి చెప్పవోతుండు. కొమురెల్లికి సదువు రాదు గనీ కండ్లున్నయ్. ఐతారం ఈ పిల్లను అడిగిండు. సోమారం పొద్దుగాల అమాయకంగ పోయి సారునే అడిగిండు. రంగు మరిచిపోయినట్టున్నరు సార్ అని ఉంటడు. సారు ఏమన్నడో తెలుసా? ఒళ్లునొప్పులున్నయా కొమురెల్లీ, బలానికి సూది ఇస్త రా అన్నడు. సూదంటే చెయ్యి చాపుతడు గదా, చాపిండు."

తొడుగులు ఊడదీస్తున్న దశరథం సగంలోనే ఆగిపోయాడు.

"శెనారం బండిల పోయింది ఉత్త చెత్త సంచే. కళేబరాలు గూడ పోయినయనుకున్నడు సారు. కొమురెల్లి ఒక్కడే మిగిలిన సాక్షి అనుకున్నడు" అంటూనే ప్రిస్కిల్లా ఒక్కసారి తలెత్తింది. "దశరథం. రెండూ యాభైకి ఆయనకు ఫోన్ చేసిందెవలు?"

"నేనే" అన్నాడు దశరథం. అంత చిన్న గొంతు అతని నోటి నుంచి ప్రిస్కిల్లా ఎప్పుడూ వినలేదు. "కొమురెల్లి వేళ్లు కదిలిచ్చిండని ఆసుపత్రోళ్లు చెప్పిన్రు. బీపీల ఆయనే పెద్ద మనిషి గదా అని... జర సూసి రమ్మన్న. కాపలా కానిస్టేబుల్‌కు గూడ చెప్పిన, సారును లోపలికి ఇడువుమని."

తిట్టడానికి ప్రిస్కిల్లాకు మాటలు బోలెడన్ని ఉన్నాయి. తిట్టే టైమే లేదు. మూడూ ముప్పై ఒకటి. అప్పటికే ఆమె ఫోన్ చెవిన పెట్టుకుని పరుగెత్తుతోంది, వెనక దశరథం, ఆ వెనక మహిమ. వేళ్లు కదిలాక, పేరు పెట్టి పిలుస్తుండమని నర్సులు పోశవ్వను లోపలే కూర్చోబెట్టారు. ఆమె దగ్గర చిన్న ఫోన్ ఉంది. నాలుగోసారి మోగాక ఎత్తింది.

"పోశవ్వా! నీ పెనిమిటి కాడ ఎవరున్నరు?"

"ఎవలు లేరక్కా. గిప్పటిదాక సారున్నడు. పాపం శానసేపు కూసున్నడు. నర్సమ్మను ఏదో మందుకని తోలి, బలానికని సీసల సూదిమందు కలిపిండు. ఇప్పుడే బయటికి పోయిండు."

ప్రిస్కిల్లా జీపు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "మంచం తలాపున టీవీ లెక్క ఉంటది సూడు. దాంట్లె ఎర్ర అంకెలు సదువు."

పోశవ్వకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం వెయ్యేసి బీడీలు లెక్కపెట్టిన చేతులు నేర్పాయి. "నూట యాబై ఆరు" అంది. "ఆగక్కా, మారుతున్నది. నూట డెబ్బై. నూట ఎనభై మూడు. గిదేందక్కా, గిట్ల ఉరుకుతున్నది?"

"సీస నుంచి చేతికి పైపున్నది గదా. దాన్ని మడువు."

"ముట్టద్దన్నరక్కా..."

"నేను చెప్తున్న, మడువు! బీడీ మూతి ఎట్ల మడుస్తవో గట్ల. ఒక్క చుక్క దిగద్దు. రెండు చేతులతోని పట్టు. నర్సమ్మా అని గట్టిగ ఒర్లు."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. పోశవ్వ కేక. ఎవరూ పలకలేదు. మళ్లీ ఆమె గొంతు, దూరం నుంచి, ఒక్కో అంకె ఊడిపడుతున్నట్టు. "రెండు నూర్ల నాలుగు. రెండు నూర్ల పదకొండు. పద్దెనిమిది." కొంచెంసేపు ఏమీ లేదు. "గంతే ఉన్నదక్కా. పద్దెనిమిది. పదహారు అయింది. దిగుతున్నదక్కా!"

మహిమ జీపు వెనక సీట్లో నోరు మూసుకుని ఏడుస్తోంది. దశరథం ఒక చేత్తో బండి తాళం తిప్పుతూ, ఇంకో చేత్తో కాపలా కానిస్టేబుల్‌కు ఫోన్ కొడుతున్నాడు. అవతల మోగుతోంది, ఎత్తేవాడు లేడు.

"ఎంత దూరం?" అంది ప్రిస్కిల్లా.

"పదకొండు నిమిషాలు."

ఫోన్‌లో తలుపు చప్పుడైంది. బూట్ల చప్పుడు మంచం దాకా వచ్చి ఆగింది. తర్వాత, ఇస్త్రీ నలగని ఆ గొంతు, ఎంతో మర్యాదగా. "ఏంటమ్మా ఇది? పైపు వదులు. మందు దిగకపోతే మనిషి దక్కడు."

"ఇడువద్దు పోశవ్వా!" అని ప్రిస్కిల్లా అరిచింది గానీ, మంచం మీద ఎక్కడో పడి ఉన్న ఆ చిన్న ఫోన్‌లోంచి ఆమె మాట ఎవరి చెవినా పడలేదు.

"నీకు చెప్తుంటే అర్థం కావట్లేదా? వదులు."

"ఇడువ సారూ" అంది పోశవ్వ. పొద్దుటి వణుకు ఆ గొంతులో లేదు. "శెనారం పీనుగునే గడప దాటనియ్యడు మా ఆయన. పానమున్న మనిషిని శుక్రారం నేనెట్ల దాటనిత్త?"

ఏదో కిందపడి పగిలింది. ఫోన్ తెగిపోయింది. జీపు అప్పటికి ఇంకా గేటు కూడా దాటలేదు.